చాటుగా చేసిన పూజ

హగరి ఏటి ఒడ్డున ఉన్న ఆ ఇంట్లో తెల్లవారగానే జరిగే మొదటి పని ధూళి తుడవడం. ఎర్రమన్ను సైతం ఓడలకెక్కి చైనాకు అమ్ముడుపోతున్న రోజులవి. గనుల లారీలు రేయింబవళ్ళు తిరగడం మొదలైనప్పటినుంచి దేవుని పటాల మీద, నీళ్ళబిందెల మూతల మీద, చివరకు తులసి ఆకుల మీద కూడా ఎర్రని పొర పేరుకుంటూ వచ్చింది. నాగలక్ష్మమ్మ తడిబట్టతో పటాలు తుడిచి, కొత్తగా కుంకుమ దిద్ది, వసారాలోకి వచ్చేసరికి భర్త కోదండరామి చాప మీద కూర్చొని మెల్లగా పద్యం చదువుకుంటున్నాడు. బాల్యంలో ఒక పంతులుగారి పాదాలవద్ద ఛందస్సు నేర్చిన రైతు ఆయన. పూజ చేయనిదే పచ్చినీళ్ళు ముట్టడు. ఇచ్చిన మాట వెనక్కు తీసుకోడని చుట్టుపక్కల పేరు.

ఆ రోజు మధ్యాహ్నం హచ్చొళ్ళినుంచి లారీల వ్యాపారి వెంకటరామి కుటుంబం తాంబూలాలు మార్చుకోవడానికి వస్తున్నది. వారి కుమారుడు హర్షకూ, ఈ ఇంటి ఒక్కగానొక్క కూతురు రజనికీ సంబంధం ఖాయమైంది.

"కాఫీ ఈడ పెట్టినా, పూజ కానిచ్చి చల్లారకముందే తాగండి," అన్నది నాగలక్ష్మమ్మ.

"పాత ఇనుము దురుగప్పకు ఫోన్ చేసినా. పొద్దెక్కకముందే వచ్చి కారు ఎత్తుకపోతానన్నాడు."

ఆమె చేయి గ్లాసు మీదనే నిలిచిపోయింది. "ఏ కారు?"

"ఇంగేది? షెడ్డులో ఉండేదే. వచ్చే బంధువులకు మొదట కనపడేది ఆ తుక్కేనా?"

"రజనికి చెప్పినారా?"

"చెప్పేదేముంది. ఓడినాక ఆ పిల్లకు దాంతో ఏం పని?"

నాగలక్ష్మమ్మ మరేమీ అనకుండా లోపలికి వెళ్ళింది. భర్త మాటకు ఎదురు చెప్పకపోవడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు ఆనాడు ఆమెకు మొదటిసారిగా బరువనిపించింది.

ఆ కారుకు మూడే తలుపులు. వెనుకభాగమంతా వంపు తిరిగిన అద్దం కావడంతో ఊళ్ళో అందరూ దానిని అద్దాలబండి అనేవారు. పత్తికి మంచి ధర పలికిన ఏట కోదండరామి దానిని కొన్నాడు. పొలాలు కొన్ని ఖనిజం కుప్పలు పోసుకోవడానికి కౌలుకు వెళ్ళి, ఇంట్లోకి కొత్త వాహనం వచ్చిన తరువాత అది పత్తి నిలువ చేసే షెడ్డులో మూలపడింది. బళ్ళారిలో మెకానికల్ డిప్లొమా ముగించి వచ్చిన రజని దాని తుప్పును గీకింది, ఇంజను విప్పి కడిగింది, అరిగిన టర్బో స్థానంలో బెంగుళూరునుంచి తెప్పించిన దానిని అమర్చింది. వేడెక్కిన గాలిని చల్లబరిచే పలక ఒకటి ముందుభాగంలో కొత్తగా బిగించింది. ఈ నేల మీది ఎర్రధూళికి మామూలు వడపోత చాలదని, రెండు పొరల వడపోతపెట్టె తానే తయారుచేసుకున్నది.

"ఆ టర్బో అంటే ఏందే?" అని ఒకనాడు తల్లి అడిగింది.

"ఇంజను వదిలే పొగ ఉత్తగ పోతుంది గదమ్మా. ఆ పొగ ఊపుకు ఒక చక్రం తిరుగుతుంది. అది ఇంకో చక్రాన్ని తిప్పి, బయటి గాలిని లోపలికి గట్టిగా నెడుతుంది. అంటే ఇంజను దీర్ఘంగా ఊపిరి పీల్చినట్ల."

వసారాలో పుస్తకం ముందు పెట్టుకొని ఉన్న కోదండరామి ఆ మాట విన్నాడు. విడిచిన శ్వాసయే తిరిగి ప్రాణానికి బలమవుతున్నదా అని ఆశ్చర్యపోయాడు. ప్రాణాయామాన్ని ఇనుముకు నేర్పినట్లున్నదే నా బిడ్డ అనుకొని లోలోపల మురిసిపోయాడు. అయితే ఆ మురిపెం పెదవి దాటలేదు. కూతురి ఎదుట మెచ్చుకుంటే ఆయుష్షు క్షీణమని పెద్దలు చెప్పగా విన్న మనిషి. దానికి తోడు, ఆడపిల్ల గ్రీజు చేతులతో తిరుగుతున్నదని బంధువులు ఆడిపోసుకోవడం ఆయన చెవిన పడుతూనే ఉన్నది.

అటువంటి సమయంలో కోయంబత్తూరులోని ఒక వర్క్‌షాపునుంచి రజనికి పిలుపు వచ్చింది. టర్బోలు బాగుచేసే పని నేర్పి, అక్కడే ఉద్యోగం ఇస్తామన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే హచ్చొళ్ళి సంబంధమూ వచ్చింది. తండ్రి ఆలోచించి ఒక షరతు పెట్టాడు.

"విజయదశమి నాడు నన్ను ఎక్కించుకోని, తారానగర్ అవతల కొండ ఎత్తు యాడా ఆపకుండా ఎక్కించు. ఎక్కితే కోయంబత్తూరుకు పో. ఎక్కకపోతే హచ్చొళ్ళి సంబంధానికి ఒప్పుకో. మాటంటే మాట."

"సరే నాయనా," అన్నది రజని.

విజయదశమి నాడు ఆ కారు సన్నని ఈలతో, ఖనిజం లారీలను ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళింది. కోదండరామి పక్కన కూర్చొని ముందుకే చూస్తున్నాడు. ఎత్తు సగం ఎక్కగానే ఆ ఈల కీచుమన్నది. దారి కనపడనంతగా తెల్లని పొగ కమ్మింది. రజని వెంటనే ఇంజను ఆపి, దిగి, ముందు మూత ఎత్తి చూసింది. "నా పనిలోనే ఏదో తప్పుండాది నాయనా. మాట ప్రకారం నడుచుకుంటా," అన్నది.

ఆ సాయంత్రం బంధువులు పదిమంది చేరినచోట కోదండరామి, "చేతికి నూనె అంటినంత మాత్రాన మెకానిక్ అయిపోరప్పా," అన్నాడు. అందరూ నవ్వారు. వంటింటి గుమ్మం వద్ద నిలిచి రజని ఆ నవ్వు విన్నది. మరునాడు కోయంబత్తూరుకు ఫోన్ చేసి, తాను రావడం లేదని చెప్పింది.

ఇప్పుడు పాత ఇనుము దురుగప్ప చిన్న లారీ తెచ్చి వాకిట్లో నిలిపాడు. షెడ్డులోకి వెళ్ళి కారు చుట్టూ తిరిగి, తల గోక్కున్నాడు.

"అణ్ణా, సుమ్నె, ఉత్త ఇనుము ధరకు కొంటే నాకే పాపం తగులుతుంది. పెండ్లికూతురు ఉన్నట్లుండాది బండి."

"పెండ్లికూతురు లోపలుండాది. ఇది ఇనుమే. ఎత్తుకపో."

"ఆమెను ఒక్క మాట అడుగుతారేమో..."

"నువ్వు కొనేటోడివా, పంచాయితీ చెప్పేటోడివా?"

పట్టుచీర కట్టుకున్న రజని బయటికి వచ్చింది. ముఖంలో కోపమూ లేదు, కన్నీరూ లేదు. తాళం దురుగప్ప చేతిలో పెట్టి, "నెట్టేటప్పుడు స్టీరింగు మెల్లగా తిప్పన్నా, ఎడమపక్క తలుపు గోడకు తగులుతుంది," అన్నది. అంతే చెప్పి వెనుదిరిగింది.

సరిగ్గా అప్పుడు నాగలక్ష్మమ్మ వంటింట్లోనుంచి ఒక చిన్న స్టీలు డబ్బా పట్టుకొని వచ్చి కారు ముందు నిలబడింది.

"ఈ కారు కదిలేది లేదు."

కోదండరామి నివ్వెరపోయాడు. "ఏమే, మతి ఉండాదా? వాళ్ళు వచ్చే వేళయింది."

"వస్తే రానీ."

దురుగప్ప లోకజ్ఞానం గల మనిషి. "నేను రోడ్డు మీద టీ తాగొస్తా అణ్ణా," అని తాళం కారు ముందు మూత మీద పెట్టి జారుకున్నాడు.

"అమ్మా, వద్దంటి గదా," అన్నది రజని, తల్లి చేతిలోని డబ్బా చూసి.

"నువ్వు వద్దంటివి, నేను ఊరుకుంటి. పదిమందిలో నిన్ను నవ్వులపాలు చేస్తే ఊరుకుంటి. ఇంగ నావల్ల కాదు." ఆమె భర్తవైపు తిరిగింది. "ఆయుధపూజ రోజు ఈ షెడ్డులోకి పోయింది ఎవరు?"

కోదండరామి చూపు ఆ డబ్బా మీద పడింది.

విజయదశమికి ముందురోజు, ఆయుధపూజ నాడు ట్రాక్టరుకు, నాగళ్ళకు, ఆఖరుకు కొడవళ్ళకు కూడా ఆయన తానే బొట్టు పెట్టాడు. కారుకు కూడా పెట్టండని భార్య అడిగితే, "అది పనిముట్టా? ఆటబొమ్మ," అని అందరూ వినేటట్లు అన్నాడు. ఆ తరువాత ఆడవాళ్ళు వంటపనిలో ఉన్న వేళ, తాంబూలంలోని వక్క, గుప్పెడు అక్షతలు తీసుకొని ఒంటరిగా షెడ్డులోకి వెళ్ళాడు. వడపోత కడిగి ఆరబెట్టి ఉండడంవల్ల ముందు మూత తెరిచే ఉన్నది. వడపోత తీసినచోట, గాలి టర్బోలోకి పోయే గొట్టం నోటికి పాతచీర ముక్క ఒకటి కట్టి ఉన్నది. ఏ చోట పూజించవలెను అని ఆయన ఆలోచించాడు. ఊపిరి ప్రవేశించే చోటే కదా ప్రాణస్థానం. మైలగుడ్డ విప్పి, ఆ గొట్టం నోట అక్షతలు, వక్క ఉంచి, కన్నులు మూసుకొని, నా బిడ్డ గెలవాలి స్వామీ అని మొక్కాడు. ఓడితేనే సంబంధం కలుస్తుందని షరతు పెట్టిన నోరే గెలవాలని మొక్కింది. అక్షతలు లోపలికి జారిపోతే, దేవుడు స్వీకరించాడనుకున్నాడు. తాను వచ్చినట్లు ఎవరికీ తెలియరాదని ఆ గుడ్డను మళ్ళీ యథాతథంగా కట్టి వచ్చాడు.

నాగలక్ష్మమ్మ డబ్బా మూత తీసింది. నుగ్గునుగ్గయిన వక్క ముక్కలు, నూనెలో తడిసిన పసుపు బియ్యం.

ఆయన ఒక వక్క ముక్కను వేళ్ళతో తీసి చూశాడు. తరువాత కూతురి ముఖం చూడలేక నేలవైపు చూస్తూ అడిగాడు. "ఎప్పుడు తెలిసిందమ్మా నీకు?"

"ఇంటికి లాక్కోనొచ్చి విప్పినప్పుడే. టర్బో చక్రం రెక్కలన్నీ వంగిపోయినాయి. మట్టం దారిలో వక్క గొట్టం వంపులోనే నిలిచింటాది నాయనా. ఎత్తు ఎక్కేటప్పుడు గాలి లాగేసింది."

"నాకేమిటికి చెప్పలేదు?"

"ఏమని చెప్పాల? నీ పూజవల్ల చెడిపోయిందనా?" రజని డబ్బా మూత పెట్టేసింది. "టార్చి వేసి చూసి బిగించాల్సింది నేను. తొందరపడినా. అది నా తప్పే. ఆ పసుపు బియ్యం చూసినప్పుడు ఏడ్చినా నాయనా, కారు పోయిందని కాదు. ఏడాదిపైగా ఈడ పని చేస్తి. గడప దాటి ఒక్కరోజన్నా లోపలికి రాలేదు నువ్వు. ఎవరూ లేనప్పుడు వచ్చినావని అప్పుడు తెలిసింది."

"నీకు తెలియకూడదనే గుడ్డ మళ్ళీ కట్టినా."

"ఎదురుగా వచ్చింటే, ఈడ కాదు నాయనా, ఆడ బానెట్టు మీద పెట్టు అని చెప్తాంటిని."

కోదండరామి అక్కడే ఉన్న చెక్కపెట్టె మీద కూలబడ్డాడు. కూతురు పలికిన మాటలో నింద లేదు. నింద ఉంటే ఆయన తట్టుకునేవాడు. భక్తిలో లోపం లేదు, ప్రేమలో లోపం లేదు. ఆ రెంటినీ దొంగసొమ్ము వలె దాచుకున్న అహంకారమే బిడ్డ బ్రతుకుకు అడ్డం పడింది. తానేమో ఆ ఓటమిని నలుగురిలో ఎత్తిపొడిచాడు. ఆ పిల్ల తండ్రి పూజకు మాట రాకూడదని తన చేతిపనికే మచ్చ పెట్టుకున్నది. ఆయన ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదలడం తల్లీకూతుళ్ళు ఇద్దరూ చూశారు.

"కోయంబత్తూరుకు ఫోన్ చేయి. నేనే మాట్లాడతా," అన్నాడు ఉత్తరీయం దించి.

"ఆ చోటు వేరే పిల్లోనికి ఇచ్చేసినారంట నాయనా. నిన్న నేనే అడిగినా."

"మళ్ళీ ఎప్పుడు పిలుస్తారు?"

"తెలీదు. పిలుస్తారో లేదో."

వాకిట కారు ఆగిన చప్పుడయింది. పండ్ల పళ్ళేలతో, తెల్లని బట్టలతో వెంకటరామి దంపతులు దిగుతున్నారు. కోదండరామి కన్నులు తుడుచుకొని, వారు మెట్టు ఎక్కకముందే చేతులు జోడించి ఎదురు వెళ్ళాడు.

"వెంకటరామప్పా, క్షమించాల. నేను ఇచ్చిన మాట వెనక్కు తీసుకుంటాండా."

వెంకటరామి ముందు నవ్వబోయాడు. "లోడు ఎత్తి, గేటు దాటినాక వాపసు అంటే ఎట్లప్పా?" అని, ఆయన ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. "పిల్లకు మా వాడు నచ్చలేదా?"

"మీ పిల్లోడు బంగారమప్పా. నా పిల్లనే నేను అడగలేదు. దాన్ని ఓడించి ఒప్పించినా. ఆ ఓటమి కూడా నా చేతి తప్పే."

"మాకు ముందే చెప్పింటే అయిపోతాండె. చుట్టాలందరికీ చెప్పేసినాము. ఇంగ మా వాడు ఊర్లో ఎట్ల తిరగాల?"

ఆ మాట న్యాయమైనదే. కోదండరామి తల వంచుకొని నిలబడ్డాడు. వెంకటరామి భార్య తెచ్చిన పళ్ళేలను తిరిగి కారులో పెట్టించింది. కాఫీ తాగి పొమ్మని నాగలక్ష్మమ్మ బతిమాలినా వారు గడప ఎక్కలేదు. సాయంత్రానికి ఈ వార్త హచ్చొళ్ళి దాటి పోతుందని, తన మాటకు ఇకమీదట ఆ పాత విలువ ఉండదని ఆయనకు తెలుసు. మరి కొందరికి చేసిన ఈ అవమానమూ తన ఖాతాలోనిదే.

దురుగప్పను ఖాళీ లారీతోనే పంపివేసి, ఆయన షెడ్డువైపు నడిచాడు. రజని పట్టుచీర మార్చుకొని, బల్ల మీద విప్పిన టర్బో భాగాలను గుడ్డతో తుడుస్తున్నది. ఆయన గడపవద్ద ఆగాడు. దేవుని క్షమాపణ కోరడానికి ఆయనకు ఎన్నో పద్యాలు వచ్చు. కన్నబిడ్డను కోరడానికి ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"లోపలికి రావచ్చా అమ్మా?"

రజని తలెత్తి చూసింది. పక్కనున్న పీటను గుడ్డతో తుడిచి ముందుకు జరిపింది.

ఆయన కూర్చున్నాడు. రెక్కలు వంగిన చక్రాన్ని రెండు చేతులతో, తీర్థం అందుకున్నట్లు అందుకొని, "ఇది సరి అవుతుందా?" అని అడిగాడు.

"ఇది కాదు నాయనా. కొత్తది వేయాల. మిగిలినవి కొన్ని పనికొస్తాయి, కొన్ని రావు."

"ఏవి పనికొస్తాయో చెప్పు. వింటా."

ఆమె ఒక్కొక్క భాగాన్నీ ఎత్తి చూపుతూ, పేరు చెప్పి, దాని పని చెప్పసాగింది. మధ్యలో ఒకచోట, కోయంబత్తూరులో అయితే దీన్ని ఎట్ల చేస్తారంటే, అని మొదలుపెట్టి ఆగిపోయింది. కోదండరామి ఆమెను తొందరపెట్టలేదు, ఓదార్చనూ లేదు. ఆ మౌనాన్ని తొలగించే అర్హత తనకు లేదని ఎరిగి, ఆమె తిరిగి మాట్లాడేవరకు ఆ ఇనుమును ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు.