తాయమ్మ వెనక చీకటి

సత్యవేడు బస్టాండుకు ఎదురుగా, టీ అంగడికీ చెప్పుల అంగడికీ నడుమ లోకేశ్వరి ఫోటో ఫ్రేముల కొట్టు. మొగుడు పోతా పోతా ఆమెకు ఆ కొట్టునూ, ఒక కట్టడినీ విడిచిపోయాడు. పూలదండ పడే ఫోటోలో బతికున్నోళ్ల గోరు కూడా కనపడకూడదు. భుజం మీద పడిన చెయ్యి ఉన్నా సరే, చెరిపెయ్యాలి. చెరపకుండా దండ వేస్తే, వాళ్లనూ పోయినోళ్లు పిలుచుకుంటారు.

ఆ కట్టడి ఆమె ఏనాడూ తప్పలేదు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. తడిసిన గొడుగు గుమ్మానికి ఆనించి మునెయ్య లోపలికొచ్చాడు. భార్య తాయమ్మ పోయి తొమ్మిది రోజులు. రేపు పెద్దకర్మ. కొడుకు ఫోను తెచ్చాడు, అందులో ఆమెది ఒకే ఒక్క ఫోటో ఉంది. ఇంటి గడపలో నిలబడిన తాయమ్మ, వెనక చీకటి గది.

ఫోన్లో ఆ ముఖం దీపం పెట్టినట్టు వెలుగుతోంది. కాగితం మీదికొచ్చేసరికి చెంపలు సున్నం కొట్టినట్టయ్యాయి, కళ్లు మసిగుంటలయ్యాయి.

"బతికినన్నాళ్లూ మా ఆడదాన్ని ఎవురూ దెయ్యం మాదిరి ఉండావని అనలే. నువ్వు చేసి సూపిస్తాండావు కదమ్మా," అన్నాడు మునెయ్య.

లోకేశ్వరి సిగ్గుపడింది. "ఇది హెచ్‌డీఆర్ ఫోటో పెద్దాయనా. తెర మీదైతే బాగుంటాది, కాగితానికి ఆగదు. నెట్లో ఒక సైటుండాది. ఆడ వేస్తే ప్రింటుకు తగినట్టు మార్చిస్తాది."

"ఏందోలే. నాలుగింటి బస్సుకు పోవాల నేను."

ఆ సైటు చూపించింది కూతురు స్రవంతి. రోజూ సూళ్లూరుపేటకు పోయి కాలేజీలో చదువుకుంటోంది. లోకేశ్వరి చదివింది ఐదో తరగతి. తెర మీది ఇంగ్లీషు ఆమెకు చీమలబారు. "ఏమడిగినా పచ్చది నొక్కు మా, పనైపోతాది," అని చెప్పిపెట్టింది కూతురు.

కంప్యూటర్లో ఆ సైటు తెరిచి, ఫోటో వేసి పచ్చది నొక్కింది.

తాయమ్మ చెంపలు నిదానంగా మామూలు రంగుకొచ్చాయి. కళ్లు తేటపడ్డాయి. ఆమె వెనక చీకటి కూడా విచ్చుకుంది. గోడ. గోడకు తగిలించిన చాట. చాట పక్కన... ఒక మోచెయ్యి.

"ఎవురు పెద్దాయనా, ఎనకాల?"

మునెయ్య వంగి చూశాడు. "ఎవురూ లేరే. ఆ పొద్దు ఇంట్లో మేమిద్దరమే. కొడుకు బయట నిలబడి తీసినాడు." తెర మీది తాయమ్మను చూస్తూ, "తోడు లేకుండా ఉండలేదులే అది. సంతకు పోవాలన్నా ఎవురినో ఒకర్ని చెయ్యి పట్టి లాక్కోని పోయేది," అన్నాడు.

కొట్టులోకి తడిమట్టి వాసన వస్తోంది. దాని అడుగున, ఆరిపోయిన సాంబ్రాణి వాసన.

ఎంతవరకు చెరపాలో తెలియాలి కదా అని, వెలుగు పెంచి ఇంకోసారి నొక్కింది.

నీలం చున్నీ. అంచుకు పసుప్పచ్చ పూలు. పొద్దున తానే ఇస్త్రీ చేసి ఇచ్చిన చున్నీ. దానిపైన ముఖం...

స్రవంతి.

మునెయ్య ఊరే ఎరగని పిల్ల.

కూతురికి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"ఏం మా? బస్సులో ఉండా. వరదయ్యపాళెం దాటినాము."

లోకేశ్వరికి ఊపిరొచ్చింది. పిల్ల బతికే ఉంది. బతికుంది కాబట్టి ఆ ఫోటోలో ఉండకూడదు.

"ఫోను పెట్టొద్దు పాపా. ఏదో ఒకటి మాట్లాడతా ఉండు."

చెరిపే వీలు కూడా ఆ సైట్లోనే ఉంది. కాళ్ల కాడినుంచి మొదలుపెట్టింది.

"ఏమైంది మా నీకు? సీటు దొరికిందిలే. అబ్బా... కాళ్లు తిమ్మిరెక్కినాయి."

నడుము చెరిపింది. చేతులు చెరిపింది.

"మా, బ్యాగు జారిపోతాంది. పట్టు... పట్టు దొరకలా."

"గట్టిగా పట్టుకో." గుంతల రోడ్డు కదా అనుకుంది. కళ్ల మీదుగా గీత లాగింది.

"మా... మూడింటికే ఇంత చీకటైపాయెనేం?"

లోకేశ్వరి చెయ్యి ఆగిపోయింది.

తెర మీద కూతురి నోరొక్కటే మిగిలింది. ఫోన్లో ఆ నోరు ఏడుస్తోంది. "ఏమీ కనపడలా మా... యాడుండావు..."

"ఉండు తల్లీ. మళ్లీ పెట్టేస్తా. అంతా మళ్లీ పెట్టేస్తా..."

చెరిపినదాన్ని వెనక్కి తేవాలి. ఎట్లా? ఏదో నొక్కింది. తెర నడుమ ఒక పెట్టె లేచింది. రెండు వరుసల ఇంగ్లీషు. కింద ఒక ఎర్రది, ఒక పచ్చది.

"పాపా! ఏందో అడుగుతాండాది. ఏది నొక్కేది?"

"ఎప్పుడూ చెప్పేదే కదా మా..." గొంతు సన్నగా వచ్చింది. "పచ్చది..."

నొక్కింది.

నోరు పోయింది. గోడ మిగిలింది. చాట మిగిలింది.

ఫోన్లో బస్సు మోత. కాసేపటికి దూరంగా కండక్టరు గొంతు. "ఈ బ్యాగు ఎవురిదప్పా? సీట్లో ఎవురూ లేరే..."

ఆ పచ్చదే ప్రింటుకూ పంపినట్టుంది, ప్రింటరు కాగితాన్ని బయటికి తోసింది. లోకేశ్వరి కదల్లేదు. మునెయ్యే తీసుకున్నాడు.

"శానా బాగొచ్చింది. ఒక్కతే ఉండాది," అన్నాడు. తర్వాత కొడుకు ఫోన్లోని ఫోటోనూ కాగితాన్నీ పక్కపక్కన పట్టి చూసి, గొంతు తగ్గించాడు.

"ఏమ్మా... ఆ చెయ్యి ఇట్లా లేదే."

ఫోన్లో తాయమ్మ కుడిచెయ్యి ఊరికే పక్కన వేలాడుతోంది. కాగితం మీద అది వెనక్కి చాపి ఉంది. వేళ్లు బిగించి ఉన్నాయి... ఎవరి చెయ్యో విడిపించుకోబోతే, విడవకుండా పట్టుకున్నట్టు.