మాట వినగానే పడిపోయిన అంకె

అలారం మళ్ళీ ఆలస్యం!

"అక్కా! పేషెంటుకి ఊపిరి ఆగాక ఎప్పటికో మోగిందే!" ఇంటర్‌కమ్‌లో చెల్లెలు. పై అంతస్తు ఐసీయూలో నర్సు. "నేను పక్కనే ఉండబట్టి మనిషి దక్కాడు!"

"కాస్త టైమియ్యవే..."

"నా దగ్గరుంటే ఇయ్యనా?"

కింద సర్వర్ గది. అక్క ఒక్కతే. బయట చీకటి పడింది. ఐసీయూ అలారాలన్నీ ఈ సర్వర్ గుండానే వెళ్ళాలి. ఎక్కడో ఇరుక్కుంటున్నాయి!

"మావయ్యా, సర్వర్ ఏం చేస్తోందో చూడ్డానికి టాప్ కమాండ్ కొడుతున్నా," అంటుంది సెల్ స్పీకర్‌లో.

నడుస్తున్న సర్వర్ మీద ఏ కమాండైనా ముందు నోటితో చెప్పాలి. తర్వాతే ఎంటర్. మావయ్య నేర్పిన పద్ధతి అది. ఈ సర్వర్లకు పెద్ద దిక్కు ఆయనే.

ప్రాసెసర్ గోళ్ళు గిల్లుకుంటోంది. పనుల క్యూ మాత్రం చాంతాడంత!

అంటే అడ్డం డిస్క్ దగ్గరే.

"డిస్క్ చూడ్డానికి అయోస్టాట్ కొడుతున్నా."

డిస్క్ వాడకం... రెండు శాతం!

"చూశావా? ఏమీ లేదు. రీస్టార్ట్ చేసెయ్ తల్లీ."

"చేస్తే ఆనవాళ్ళు పోతాయి మావయ్యా."

పైనుంచి మళ్ళీ చెల్లెలి కేక! కంగారులో చెప్పడం మరిచి అదే కమాండ్ కొట్టేస్తుంది.

తొంభై తొమ్మిది శాతం!

స్క్రీన్ మీద సెకనుకో అంకె. తొంభై తొమ్మిది... తొంభై తొమ్మిది...

"మావయ్యా... మళ్ళీ డిస్క్ చూడబోతున్నా."

నలభై... పది... రెండు!

తన మాట విన్నది మావయ్య ఒక్కడే.

ఈసారి నోరు మెదపదు. డిస్క్‌ను ఏ ప్రోగ్రామ్ మింగుతోందో పిడ్‌స్టాట్‌తో వెతుకుతుంది.

దొరికింది! రోగుల రికార్డులన్నీ మూటగట్టి బయటికి పంపేస్తోంది. నడుపుతున్నది... మావయ్య లాగిన్!

"ఏంటమ్మా, ఉలుకూ పలుకూ లేదు?"

ఆ ప్రోగ్రామ్ ఆపెయ్యడానికి కిల్ అని టైప్ చేస్తుంది. వేలు ఎంటర్ మీద.

ఇంటర్‌కమ్ గరగరలాడింది. "అక్కా, మావయ్య పైకొచ్చాడే! ఫోన్లో నీతోనేనా? అయ్యో... చేతిలో అదేంటి మావయ్యా?"

సెల్‌లో గొంతు మారిపోయింది.

"కీబోర్డు వదిలెయ్. ఇంకాస్తే మిగిలింది. లేదంటే నీ చెల్లెలు..."

"అక్కా! మూలమంచం ఆయనకి ఊపిరాడట్లేదు! అలారం లేదు! నా సంగతి తర్వాత... చేసేదేదో చెయ్యవే!"

కళ్ళు గట్టిగా మూసుకుంటుంది.

నొక్కేసింది.

ఢాం!

సెల్‌లోనూ, ఇంటర్‌కమ్‌లోనూ... ఒకేసారి!