ఇమ్రిఖ్ గోంబార్ కుడి స్కేటు

ఝెల్మీరా గోంబారొవా తలుపు తట్టకుండానే ఆఫీసులోకి వచ్చేసింది. కోటు గుండీలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకుంది. బోహుష్ పాల్కొవిచ్ లేచి కుర్చీ జరిపాడు గాని ఆమె కూర్చోలేదు.

"సాయంత్రం ఐదింటికి క్లబ్బు కమిటీ మా ఆయన్ని పిలిచింది వలేరియా గారూ. ఆట అమ్ముకున్నాడని తేల్చేస్తారట. ఒకసారి తేల్చారంటే ఇక ఈ దేశంలో ఆయన్ని మంచు మీద అడుగు పెట్టనివ్వరు. పద్ధెనిమిదేళ్ళు ఆడాడండీ! ఉన్నదేదో చెప్పవయ్యా అంటే నోరు విప్పడు."

వలేరియా స్ట్రెచ్కొవా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. యాభై ఆరేళ్ళ పొట్టి మనిషి. పాతికేళ్ళు సరిహద్దులో లారీలు తనిఖీ చేసి, ఆ తరవాత ఈ సొంత పరిశోధన వ్యాపారం పెట్టుకుంది. ఆమె దగ్గర తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న బోహుష్‌కి ఆమె ఏం చూస్తుందో ఎప్పుడూ తెలుస్తుంది. ఎలా చూస్తుందో మాత్రం ఈనాటికీ అంతుపట్టలేదు.

జరిగింది యాసెనావా ఊరంతటికీ తెలుసు. ఏడు మ్యాచ్‌ల ఐస్ హాకీ పోరులో మనవాళ్ళు మూడు గెలిచి, రెండు ఓడారు. మొన్న ఆరోది కూడా గెలిస్తే నాలుగు పూర్తయి సెమీఫైనల్‌కి వెళ్ళేవాళ్ళు. ఇంకో నలభై సెకన్లు ఉందనగా ఇరు పక్షాలూ సమానం. డిఫెన్స్‌లో ఉన్న ఝెల్మీరా భర్త ఇమ్రిఖ్, ఎదుటివాడి మీద కన్నేసి వెనక్కి జారుతూ వచ్చి, ఒక్కసారిగా ముందుకి తిరగబోయి, కుడికాలు పట్టు తప్పి గోనెబస్తాలా కూలాడు. ఆట బిళ్ళ, ఆ పక్, వెళ్ళి మనవాళ్ళ వలలో పడింది. అంతకు కాసేపటి ముందు ఆయన బెంచి దిగి లోపలికి వెళ్ళి మూడు నిమిషాలు కనబడలేదు. "కాలు నొప్పెట్టి డాక్టరుకి చూపించుకున్నా" అన్నాడు. డాక్టరేమో నా దగ్గరికి రానే లేదన్నాడు. మ్యాచ్ అయ్యాక ఆయన స్కేట్లు కూడా మాయమయ్యాయి. పైగా వచ్చే ఏడు పిల్లలకి ఆట నేర్పడానికి రమ్మని అడిగింది ఆ గెలిచిన క్లబ్బే. ఇంకేం కావాలి? లోపలికెళ్ళి ఫోనులో బేరం కుదుర్చుకున్నాడని బీరు దుకాణాల్లో తీర్పు చెప్పేశారు.

ఆ రోజు గ్యాలరీలో నిలబడి అమ్మముందు అనకూడని మాట ఒకటి ఇమ్రిఖ్ మీదికి విసిరినవాళ్ళలో బోహుష్ కూడా ఉన్నాడు. ఇప్పుడు ఝెల్మీరా మొహంలోకి చూడలేక కిటికీలోకి చూశాడు.

"ఏడో మ్యాచ్ ఎప్పుడు?" అంది వలేరియా.

"రేపే."

"అయితే ఇంటికి పదండి."

ఇమ్రిఖ్ ఇంటి కింది నేలమాళిగలో ఉన్నాడు. ముక్కాలిపీట మీద కూర్చుని, చలికాలం నిలవ ఉంచిన బంగాళాదుంపలకి మొలకలు తుంచుతున్నాడు. కూర్చున్నా బోహుష్ భుజం దాకా వచ్చే మనిషి. ముక్కు రెండుసార్లు విరిగింది, ముందుపళ్ళు మూడు కట్టుడువి. పక్కనే క్యాబేజీ ఊరబెట్టే పీపా, దాని మూత మీద గుండ్రాయి.

"స్కేట్లు ఎవరు తీశారు?" అని అడిగింది వలేరియా.

"దొంగలు."

"నలభై ఎనిమిదో నంబరు పాదాలున్న దొంగలా?"

"మీకెందుకండీ? నా పరువు, నా ఇష్టం, పోగొట్టుకుంటాను. మీరెవర్నీ ఏమీ అడక్కండి. ఆ మంచు రింకు వైపు అసలు వెళ్ళకండి."

వలేరియా పీపా వైపు ఒకసారి చూసి మెట్లెక్కింది. పైకి వచ్చాక ఝెల్మీరా వేడి సూపు పోసి, ఉత్త సాసేజీ ముక్కలతో కాచానని నొచ్చుకుంది. "ఊరబెట్టిన క్యాబేజీ క్రిస్మస్‌కే అయిపోయిందండీ. పీపా కడిగి బోర్లించేశాను." వలేరియా చెంచా ఒక్క క్షణం ఆగింది. బోహుష్ మాత్రం రెండో గిన్నె అడిగాడు.

వద్దన్నాడు గనక ఆ తరవాత నేరుగా రింకుకే వెళ్ళారు. బట్టలు మార్చుకునే గదిలో ఇమ్రిఖ్‌తో జంటగా ఆడే కమిల్ మిహాల్దా తన కర్రకి టేపు చుట్టుకుంటున్నాడు. ఇరవై నాలుగేళ్ళ పొడుగాటి కుర్రాడు, మాట్లాడటం మొదలుపెడితే ఆపడు.

"ఆయన లోపల ఉన్నప్పుడే నా కర్ర విరిగింది మేడమ్. మామూలుగా బెంచి వైపు చెయ్యి చాపితే చాలు, కొత్త కర్ర చేతిలో పడుతుంది. వెనక్కి చూసే పనే లేదు. సామాన్లు చూసే మెతోద్ బాబాయ్ పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఆ రోజు నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది! పక్కవాడి కర్ర లాక్కున్నా. వాడిది కుడిచేతివాటం, నాది ఎడమ. ఎడమ బూటు కుడికాలికి తొడుక్కుని పరిగెత్తినట్టయింది నా బతుకు."

"ఇమ్రిఖ్ ఆట అమ్ముకున్నాడంటావా?"

కమిల్ టేపు చుట్టడం ఆపాడు. "ఆయనా? నేను తప్పు చేసినప్పుడల్లా అది తనదని చెప్పి కోచ్‌తో తిట్లు తిన్న మనిషండీ."

నడవా చివర మెతోద్ క్రాయ్‌చో గది. అందులోనే స్కేట్లకి సానపట్టే యంత్రం, అందులోనే ఆయన మంచం. భార్య పోయాక ఆ రింకే ఇల్లు చేసుకున్నాడు. బోహుష్ ముందుగా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంరా కమిల్, మళ్ళీ టేపు అయిపోయిందా?" అన్నాడు మెతోద్ తలెత్తి.

నలభై ఆరేళ్ళ బోహుష్ ఎంత పొంగిపోయాడంటే, పొట్ట లోపలికి లాక్కుని అలాగే ఉండిపోయాడు. వలేరియా మాట్లాడాక పెద్దాయన కంగారుపడ్డాడు. "మన్నించండమ్మా, వెలుతురు మీ వెనకనుంచి వస్తోంది."

గోడకి కొక్కేలు, ప్రతి కొక్కేనికీ ఒక దారం. ఒకదానికి రెండు ముడులు, ఇంకోదానికి ఐదు. మెతోద్ వాటిని వేళ్ళతో తడుముతూ ఎవరి సామాను వాళ్ళదిగా సర్దుతున్నాడు.

"ఆ మూడు నిమిషాలూ మీరెక్కడున్నారు?"

"బెంచి దగ్గరే." ఆయన అటు తిరిగి, శుభ్రంగానే ఉన్న సానరాయిని మళ్ళీ తుడిచాడు. తరవాత గొంతు తగ్గించి, "ఆ స్కేట్లు దొరికితే ఒక్కసారి నా చేతికివ్వండమ్మా. ఒక్కసారి చాలు" అన్నాడు.

బయటికొచ్చి వలేరియా ఝెల్మీరాకి ఫోను చేసింది. బోహుష్‌కి వినపడింది ఒకటే మాట: "మూత తీసి చూడండి."

ఐదింటికి క్లబ్బు గదిలో అందరూ చేరారు. బల్లకి అటు అధ్యక్షుడు, ఇటు క్లబ్బు డాక్టరు, గోడవారన కమిల్, మెతోద్. ఇమ్రిఖ్ పెళ్ళినాటి కోటు తొడుక్కుని, శిక్ష వినడానికి వచ్చినట్టు తలవంచుకుని కూర్చున్నాడు. ఝెల్మీరా ఒడిలో సంచి చూడగానే ఆయన మొహం పాలిపోయింది.

"స్కేట్లు ఎవరూ దొంగిలించలేదు," అంది వలేరియా. "ఖాళీ పీపా బోర్లించి ఉండాలి. నిలబెట్టి, మూత పెట్టి, దాని మీద రాయి పెట్టాల్సిన పనేముంది? దాచినవాడు ఇమ్రిఖే. ఎందుకో చూద్దాం."

సంచిలోంచి కుడి స్కేటు తీసి తలకిందులుగా పట్టుకుంది. బ్లేడు మీద ఒక నాణెం అడ్డంగా నిలిపింది. నాణెం సమంగా నిలవలేదు, ఒక పక్కకి స్పష్టంగా ఒరిగిపోయింది.

"బ్లేడుకి రెండు అంచులు. సానపట్టేటప్పుడు రాయి సరిగ్గా మధ్యలో ఆనాలి. వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఒక అంచు లేస్తుంది, రెండోది మొద్దుబారుతుంది. ఇక్కడ మొద్దుబారింది లోపలి అంచు. డిఫెన్స్ ఆటగాడు వెనకనుంచి ముందుకి తిరిగేది దాని మీదే. ఆట మధ్యలో పక్ తగిలి ఈ బ్లేడు నొక్కు పడింది, అదిగో మచ్చ. ఇమ్రిఖ్ లోపలికెళ్ళింది ఫోనుకి కాదు, డాక్టరుకీ కాదు, సానకి. కమిల్ చేతికి కర్ర అందలేదంటే అందించే మనిషి అప్పుడు బెంచి దగ్గర లేడు."

"అయితే తనే చెడగొట్టుకుని ఉండొచ్చుగా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఆట అమ్ముకున్నవాడైతే ఈ స్కేటు ఊరంతా తిప్పి చూపించేవాడండీ. ఇంతకన్నా మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది? తనని కాపాడే వస్తువుని తనే దాచాడు. అంటే కాపాడుతున్నది ఇంకెవర్నో. ముడులు లెక్కపెట్టి కొక్కేలు గుర్తుపట్టే మనిషిని. మా బోహుష్‌ని చూసి ఇరవై నాలుగేళ్ళ కుర్రాడనుకున్న మనిషిని."

బోహుష్ పొట్ట ఇప్పుడు బయటికొచ్చింది.

"చాలు!" ఇమ్రిఖ్ బల్ల గుద్ది లేచాడు. "మిమ్మల్ని ఎవరడిగారు? నేనేమన్నా బతిమాలానా?"

"అది ఇలా ఇవ్వండి" అన్నాడు మెతోద్.

ఆయన స్కేటు అందుకుని, బొటనవేలి గోరు ఒక అంచుకి ఆనించి లాగాడు. గోటి మీది పొట్టు సన్నగా లేచింది. రెండో అంచుకి ఆనించాడు. ఏమీ లేవలేదు. మళ్ళీ లాగి చూశాడు.

"ఇది నా చేతి పనే," అన్నాడు. "మామూలు రోజుల్లో గోటితో చూసి, తేడా ఉంటే మళ్ళీ సానపడతాను. ఆ రోజు టైము లేదు. మ్యాచ్ అయ్యాక వీడు 'నువ్వు నోరెత్తకు బాబాయ్, నేను చూసుకుంటా' అన్నాడు. వీడు నా కోసం దొంగ అనిపించుకుంటుంటే నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. సిగ్గులేనివాణ్ణి. మా నాన్నకీ ఇలాగే చూపు పోయింది. తొమ్మిదేళ్ళు పొయ్యి పక్కన కూర్చుని పోయాడు. ఆ కుర్చీ అంటే భయం నాకు."

"నీకెప్పట్నించి తెలుసు?" అని ఇమ్రిఖ్‌ని అడిగింది వలేరియా.

"శరత్కాలంలో కాఫీలో ఉప్పేసి ఇచ్చాడు. తాగేశాను." ఇమ్రిఖ్ మెతోద్ వైపు తిరిగాడు. "పద్నాలుగేళ్ళప్పుడు పల్లెనుంచి వచ్చాను. మా అన్న పాత స్కేట్లు, వేళ్ళ దగ్గర కాగితాలు కుక్కుకుని. అందరూ నవ్వారు. ఈయన తీసుకెళ్ళి, సరిపోయేవి వెతికి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని లేసులు కట్టాడు. చూపు లేదని తెలిసి రింకులో ఆ గది లాక్కుంటే ఆయనెక్కడికి పోతాడు? నాకు ఇల్లుంది, ఝెల్మీరా ఉంది. ఆట ఎలాగూ ఇవాళో రేపో అయిపోయేదే."

ఝెల్మీరా ఏడుస్తూనే భర్త వీపు మీద ఒక్కటిచ్చింది. "నాకైనా చెప్పొచ్చుగా మొద్దూ!"

బోహుష్‌కి తను గ్యాలరీలో అన్న మాట గుర్తొచ్చింది. ఈ మనిషిని అంత మాట అన్నందుకు తన నాలుక కోసేసుకున్నా పాపం పోదనిపించింది.

అంతలో డాక్టరు లేచి, జేబులోంచి చిన్న లైటు తీసి, మెతోద్ గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పాడు. ఒక కన్ను చూశాడు, రెండోది చూశాడు. "ఛీ, నా చదువు తగలెయ్య! రోజూ ఈ నడవాలోనే తిరుగుతూ అందరి మోకాళ్ళే చూశాను. ఇవి శుక్లాలు బాబాయ్! చూపు పోవడం కాదిది, పొర కమ్మింది. కంటికి అరగంట పని. తీయించుకుంటే పేపరు చదువుకుంటావు."

"అరగంటా?" అన్నాడు ఇమ్రిఖ్.

"అరగంటే."

పళ్ళు ఊడినప్పుడూ, ముక్కు విరిగినప్పుడూ ఏడవని మనిషి రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పద్ధెనిమిదేళ్ళ పేరుని అరగంట పనికోసం పారేయబోయాడు మరి. అధ్యక్షుడు తన ముందున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. "రేపు పది గంటలకి ప్రాక్టీసుకి రా గోంబార్" అని మాత్రం అన్నాడు.

మెతోద్ ఆ స్కేటు చంకలో పెట్టుకుని లేచాడు. "పద, ఇది సరిచెయ్యాలి. రాయి మధ్యలో ఉందో లేదో నువ్వు చూడు. సానపట్టేది నేనే."

ఇమ్రిఖ్ మొహం తుడుచుకున్నాడు. "ముందు కంటి డాక్టరు దగ్గరికి బాబాయ్."

"ముందు ఏడో మ్యాచ్" అన్నాడు మెతోద్.