ఇది నీళ్లు కాదు

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి అనువాదకుడు గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు చెదరలేదు. చొక్కా జేబు కింద మాత్రం ఎర్రటి మచ్చ. సైలెన్సర్ పిస్టల్ పని. హోటల్ లాబీలో ఎవరికీ చప్పుడు వినపడలేదు.

డిపార్ట్‌మెంట్‌లో సెర్బియన్ భాష వచ్చినవాడు అతనొక్కడే. ఏజెంట్‌కు అతను అక్క మొగుడు కూడా.

మార్చురీ బయట బెంచీ మీద అక్క ఏడవలేదు. తమ్ముడి చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నువ్వైనా ఈ ఉద్యోగం మానెయ్‌రా," అంది.

అతను తలూపాడు. అప్పుడే జేబులో ఫోన్ వణికింది. చీఫ్.

బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో అయిపోయింది.

"ముఠాకి విషవాయువు తయారుచేసిపెట్టి, తట్టుకోలేక మన దగ్గరికి పారిపోయొచ్చిన డాక్టరున్నాడుగా, ముసలాయన. అది కొన్నవాళ్ల పేర్లు రేపు పొద్దున అదే హోటల్లో అందరి ముందూ బయటపెడతాడు. ఈలోపే ఆయన్ని లేపేయాలని వాళ్ల ప్లాన్."

"మీటింగ్ ఆపేద్దాం సార్."

"ఆయన వినడం లేదు. ముఠాలో తలా ఒక దేశంవాళ్లు. వాళ్లందరికీ వచ్చిన భాష సెర్బియన్ ఒక్కటే. వాళ్ల వైర్‌లెస్ ఫ్రీక్వెన్సీ మనకి దొరికింది, వినడానికే మనిషి లేడు. ఇంకొకణ్ణి రప్పించేలోపు అంతా అయిపోతుంది. నువ్వు నేర్చుకో."

"ఒక్క పూటలోనా?"

"చంపేవాళ్లు వైర్‌లెస్‌లో కవిత్వం చెప్పుకోరు. అన్నీ చిన్న వాక్యాలే." చీఫ్ గొంతు తగ్గించాడు. "పాఠం చెప్పేది మేడమ్. ఒకప్పుడు వాళ్ల మనిషి. ఇప్పుడు మన మనిషినంటోంది. నేర్చుకో. నమ్మకు."

మేడమ్ అతనికోసం ఒక ట్యూషన్ సెంటర్ గదిలో ఎదురుచూస్తోంది. ముదురాకుపచ్చ సిల్కు, పొడుగాటి మెడ, ఎర్రటి పెదవులు. మరో రోజైతే ఏజెంట్ ఆమెను చూస్తూ ఉండిపోయేవాడు. ఇవాళ మాత్రం గోడకు వీపు ఆనేలా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

ఆమె బల్ల మీద గ్లాసు పెట్టింది.

"ఓవొ యె చాషా. ఇది గ్లాసు. మనం 'ఇది గ్లాసు' అని ఊరుకుంటాం. వాళ్లు ఊరుకోరు, మధ్యలో 'యె' పడాల్సిందే."

"కాదనాలంటే?"

"యె తీసేసి నియె పెట్టు. ఓవొ నియె చాషా. ఇది గ్లాసు కాదు. గ్దే అంటే ఎక్కడ, ఓవ్దె అంటే ఇక్కడ. గ్దే యె చాషా? చాషా యె ఓవ్దె. వాక్యం అదే, మాటలు మార్చుకుంటూ పో."

గ్లాసు, తలుపు, నీళ్లు, డాక్టరు. చాషా, వ్రాతా, వొదా, దోక్తర్. అతను అప్పజెప్పాడు, తడబడ్డాడు, మళ్లీ అప్పజెప్పాడు. నోరు పిడచగట్టుకుపోతోంది.

"నేను రెడీ అనాలంటే స్ప్రెమన్ సమ్. అది నీకు. నేనైతే స్ప్రెమ్నా సమ్ అనాలి. మన భాషలో 'నేను రెడీ' అంటే ఆడో మగో తెలీదు. అక్కడ తెలిసిపోతుంది." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఒక్కటి గుర్తుపెట్టుకో. అర్థమైనా అర్థమైనట్టు కనపడకు. మీ బావకి కూడా నేనే నేర్పాను, ఈ మాట తప్ప అన్నీ వంటపట్టాయి."

ఏజెంట్ ఆమె చేతులవైపు చూశాడు. బావకు ఆ భాష వచ్చని ఈమెకు తెలుసు. ఇంకెంతమందికి తెలుసు?

మర్నాడు పొద్దున అతను హోటల్ కాన్ఫరెన్స్ హాల్లో సౌండ్ ఇంజనీర్. మెడలో ఐడీ కార్డు, తలకు హెడ్‌ఫోన్స్. హాలు వెనక గాజు క్యాబిన్‌లో మిక్సర్ బోర్డు ముందు కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్‌లో దాచిన రిసీవర్ ముఠా ఫ్రీక్వెన్సీ పట్టుకుంటుంది. కాలర్‌లోని మైకు చీఫ్‌కు కలుస్తుంది. బోర్డు మీద ఒక్కో మీటా పైకి తోస్తే హాల్లో ఒక్కో మైకు మోత పెరుగుతుంది.

"గ్దే యె దోక్తర్?"

గొంతు మార్చే యంత్రంలోంచి వస్తున్న గరగర. మనిషి గొంతులా లేదు.

"దోక్తర్ యె ఓవ్దె."

"సార్, డాక్టరు ఎక్కడున్నాడో వాళ్లకి తెలుసు. హాల్లోనే ఉన్నారు."

"మూడో వరసలో గ్రే కోటువాడు. వాడి మీదే మా కన్ను. మగాళ్లందర్నీ చెక్ చేయిస్తున్నా," అన్నాడు చీఫ్.

మళ్లీ గరగర.

"స్ప్రెమ్నా సమ్."

ఏజెంట్ హెడ్‌ఫోన్స్‌ను చెవులకు అదుముకున్నాడు. స్ప్రెమన్ కాదు. స్ప్రెమ్నా. ఆడది.

అదే క్షణంలో వెనకాల క్యాబిన్ తలుపు తెరుచుకుంది. మూసుకుంది. గడియ పడింది. ఎదుటి గాజులో ఆకుపచ్చ సిల్కు నీడ కదిలింది. మేడమ్. ఒక చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది.

"వెనక్కి తిరగకు," అంది. "చేతులు బోర్డు మీదే ఉంచు."

బావకు ఇలాగే అనిపించిందా? అక్క పట్టుకున్న చొక్కా చెయ్యి గుర్తొచ్చింది. అరిస్తే చీఫ్‌కు వినపడుతుంది, కానీ తూటా అంతకంటే ముందొస్తుంది.

హెడ్‌ఫోన్స్ గరగరమన్నాయి. "చాషా యె ఓవ్దె."

గాజులో మేడమ్ ఎర్రటి పెదవులు బిగిసి ఉన్నాయి. కదల్లేదు. అతను ఊపిరి తీసుకున్నాడు. ఈమె కాదు. మాట్లాడుతున్నది ఇంకొకతె.

"ఓవొ నియె వొదా."

తెలుగులోకి మార్చుకోవాల్సిన అవసరమే రాలేదు. ఇది నీళ్లు కాదు.

స్టేజీ మీద యూనిఫామ్ వేసుకున్న హోస్టెస్ డాక్టర్ చేతి దగ్గర గ్లాసు పెట్టి, కాలర్ నోటి దగ్గరికి తీసుకుంటూ మెట్లు దిగుతోంది. ముసలాయన గొంతు సవరించుకుని గ్లాసు అందుకున్నాడు.

"సార్, గ్లాసు! గ్లాసు ఆపండి!"

"ఏం గ్లాసు? ఎక్కడ?"

గ్లాసు అంచు పెదవులకు ఆనబోతోంది. పరిగెత్తినా అందడు. ఏజెంట్ రెండు అరచేతులతో బోర్డు మీది మీటలన్నీ పైదాకా తోసేశాడు.

హాల్లోని స్పీకర్లన్నీ ఒక్కసారి కీచుమన్నాయి. పళ్లు జివ్వుమనిపించే మోత. కూర్చున్నవాళ్లంతా చెవులు మూసుకుని వంగిపోయారు. డాక్టర్ రెండు చేతులూ చెవుల మీదికి వెళ్లాయి. గ్లాసు కిందపడి భళ్లున పగిలింది.

హోస్టెస్ వెనక ద్వారంవైపు పరిగెత్తింది. మేడమ్ గడియ తీసి ఎదురెళ్లింది. బ్యాగ్‌లోంచి చెయ్యి బయటికొచ్చింది, చిన్న పిస్టల్‌తో.

"స్తాని!"

ఆ మాట పాఠంలో లేదు. అయినా ఆగమని అందరికీ అర్థమైంది. హోస్టెస్ ఆగింది.

"దీన్ని లాబీలో చూసి గుర్తుపట్టాను," అంది మేడమ్ తర్వాత. "మీ చీఫ్ నా ఫోనెత్తలేదు. దాని ప్లానేంటో తెలీదు, అందుకే నీకు కాపలా వచ్చాను. నువ్వు వెనక్కి తిరిగితే దానికి అనుమానమొచ్చేది."

హోస్టెస్ విచారణలో అంతా చెప్పింది. ముందురోజు లిఫ్టులో ఆమె ఫోన్‌లో సెర్బియన్ మాట్లాడుతుంటే, పక్కనున్న మనిషి ఉలిక్కిపడి తల తిప్పి చూశాడట. అంతే. ఆ చూపుకే అతను పోయాడు. ఏజెంట్ ఆ సంగతి అక్కకు ఫోన్‌లో చెప్పాడు. అంతా విని, "నువ్వు బాగున్నావు కదరా?" అంది.

చీఫ్ గ్రే కోటాయనకు క్షమాపణ చెప్పడానికి వెళ్లాడు. ఆయన హోటల్ పియానో శ్రుతి చేసేవాడట. స్పీకర్ల మోతకు చెవులు ఇంకా దిబ్బడ వేసే ఉన్నాయి, క్షమాపణ వినపడలేదు.

ఏజెంట్ హోటల్ మెట్ల మీద కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ తీయడం కూడా మర్చిపోయాడు. మేడమ్ పక్కన కూర్చుంది.

"భయపడ్డావా?"

"భయపడుతున్నాను అంటే సెర్బియన్‌లో ఏమంటారు?"

"బొయిమ్ సె."

"మరి భయపడ్డాను అంటే?"

"భూతకాలం తర్వాతి పాఠం."

"అయితే అందాకా," అన్నాడు ఏజెంట్, "బొయిమ్ సె."