బర్రె కొట్టంల బాయి మోటరు

పొద్దుగాలనే భూమక్క పాలసర్వ వట్టుకోని కొట్టంలకు వోయింది. పొదుగు కడుగుదామని వంగింది. వంగినంక యాదికొచ్చింది, బర్రె లేదు. బర్రెనమ్మి చానా దినాలాయె, కాళ్లు మాత్రం రోజూ గిట్లనే తీస్కపోతున్నయి. అది అసుంటిసుంటి బర్రె కాదు. పాలు పిండుతుంటే పోచారం చెరువు అలుగు వారినట్టుండేది. ఎల్లారెడ్డిల ఛాయ్ హోటళ్లన్ని ఆ ఒక్క బర్రె మీదనే నడిచినయని ఆమె మొగడు పర్శరాములు ఒట్టు వెట్టి చెప్తడు.

అసుంటి బర్రెను అమ్మింది బిడ్డ సంజన కోసం. ఇంటర్ అయిపోంగనే పిల్ల కామారెడ్డిల ట్రైనింగుకు చేరింది. ఫీజు, హాస్టలు, అన్ని బర్రె మీదనే. "నా బిడ్డ కంప్యూటర్ నేర్సుకుంటున్నది, ఫ్యాను కింద కూసోని కొలువు చేస్తది" అని భూమక్క ఊరందరికి చెప్పింది. ఊరు అయిపోతే బస్సుల పక్క సీటోళ్లకు గూడ చెప్పింది.

సెలవులకు ఇంటికొచ్చిన కాంచి సంజన కొట్టం పక్క అర్రల తలుపేసుకోని ఉంటున్నది. అడిగితే "చదువుకుంటున్న" అంటది. ఇయ్యాల పిల్ల తానానికి వోంగనే, బట్టలు పిండుదామని భూమక్క ఆమె సంచి గుమ్మరించింది. అండ్లకెళ్లి ఎర్రగ మెరుస్తున్న రాగితీగ చుట్ట ఒకటి వడ్డది.

"ఏమయ్యా, ఇటు రా. కంప్యూటర్ల రాగితీగ ఉంటదా?"

పర్శరాములు అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "ఉంటదేమోనే. లేకుంటే గన్ని ముచ్చట్లు యాడ దాసుకుంటది అది."

"గింత తీగనా?"

"పెద్ద కంప్యూటరేమో."

గప్పుడే పక్కింటి రాములవ్వ వాకిట్లకొచ్చింది. "ఇన్నవా భూమక్కా. రాత్రి చెరువు కింది ట్రాన్స్‌ఫార్మర్ పలగ్గొట్టి రాగి మొత్తం ఎత్కవోయిండ్రట. పోలీసోళ్లు ఇల్లిల్లు తిరుగుతున్నరు."

భూమక్క కొంగు చాటున తీగను పాలసర్వల ఏసి మూత వెట్టింది. "మా ఇంట్ల రాగి లేదు. పాలున్నయి."

"బర్రెనమ్మినవ్ గదనే, పాలెక్కడియి?"

"కొన్న పాలు."

రాములవ్వకు ఏం సమజ్ గాలె, ఎల్లిపోయింది. పర్శరాములుకు గూడ ఏం సమజ్ గాలె, ఆయన యాడికి పోవాల్నో తెల్వక ఆడనే నిలవడ్డడు.

సంజన తల తుడ్సుకుంట వచ్చింది. "అవ్వా, సంచిల నా తీగ ఏది?"

"నీ తీగనా. దొంగతనం ఎన్నడు నేర్సినవే?" ఆ గొంతుకు కామారెడ్డి టేషన్ల రైలు ఒక్క గడియ ఆగిందని ఇప్పటికీ చెప్పుకుంటరు.

"దొంగతనమేంది అవ్వా, దుకాణంల కొనుక్కున్న. నేను కంప్యూటర్ ఎప్పుడో ఇడిశిపెట్టిన. మోటర్ వైండింగ్ నేర్సుకుంటున్న."

"అంటే?" అన్నడు పర్శరాములు.

"కాలిపోయిన మోటర్ల పాత తీగ తీసి కొత్త తీగ చుట్టుడు బాపూ."

భూమక్క ఉన్న జాగల్నే కూలవడ్డది. "నల్ల చేతులేసుకోని ఎండల కూసుంటవా? ఎండల నేను సచ్చింది సాలదా? నీకు నీడ దొరకాలనే బర్రెనమ్మిన. ఇగ కామారెడ్డి లేదు గిమారెడ్డి లేదు, ఇంట్లనే ఉండు."

సంజన అవ్వ పక్కన కూసున్నది. "నువ్వు ఊరంత చెప్పుకున్నవ్, నాకు చెప్పబుద్ధి గాలె. పోయిన యాసంగి పంటప్పుడు మన బాయి మోటర్ కాలలేదా? ఎల్లారెడ్డి మెకానిక్ రేపు రా, ఎల్లుండి రా అనవట్టె. నువ్వు వరికి బిందెలతోని నీళ్లు మోసినవ్. కంప్యూటర్ ముందట కూసుంటే నాకు అదే కనవడ్డది అవ్వా. కాలినప్పటి నుంచి అర్రల మూలకు వడున్న ఆ మోటర్‌కే కొత్త తీగ చుట్టిన, అయిపోయింది. బాయి కాడ పెట్టి చూడుండ్రి. నీళ్లు పోయకుంటే నువ్వన్నట్టే ఇంట్లనే ఉంట."

ఎవరి దిక్కు మాట్లాడాల్నో తెల్వక పర్శరాములు మోటర్ ఎత్తుకున్నడు.

వాళ్ల బాయికి కరెంటు వేరే ట్రాన్స్‌ఫార్మర్‌ది. బాయి కాడ బిగిచ్చిండ్రు. స్టార్టర్ ఒత్తంగనే మోటర్ గుర్రుమన్నది. పైపుల చుక్క నీళ్లు రాలె.

"చూసినవా," అన్నది భూమక్క. "మొత్తుకుంటది గని పాలియ్యది."

సంజన మొఖం తెల్లవడ్డది. చుట్టింది సక్కగనే చుట్టింది, మరి నీళ్లేవి? వంగి చూసింది. మోటర్ ఎనక ఉండే ఫ్యాను ఉల్ట తిరుగుతున్నది. కరెంటు బందు వెట్టి, స్టార్టర్ల రెండు వైర్లు అటుదిటు ఇటుదటు మార్చింది. మళ్ల ఒత్తింది.

పైపు రెండు సార్లు దగ్గి నీళ్లు దుంకిచ్చింది. ఆ దెబ్బకు మబ్బు తడిసిందని పర్శరాములు అంటడు. మబ్బు ముచ్చట ఏమో గని, భూమక్క మొఖం తడిసింది. బాయి నీళ్లో కండ్లనీళ్లో ఆమెకే తెల్వలె. బిడ్డ చెయ్యి వట్టుకోని వేళ్ల మీద తీగ కోసిన గీతలు చూసింది.

తెల్లారి మళ్ల కాళ్లు కొట్టంలకే తీస్కపోయినయి. ఈ సారి బర్రెను కట్టే గుంజ కాడ ఏదో ఉన్నది. నీళ్లు దుంకిన ముచ్చట ఇని రాములవ్వ తెచ్చి వెట్టిన కాలిపోయిన మోటర్, తాడుతోని కట్టేసి.

భూమక్క కుడితి గోలెం పక్కకు జరిపి, బస్త పరిచింది.

"సంజనా, ఈడ కూసోని చెయ్యి బిడ్డా. బర్రెకు ఎండ తాకొద్దని కట్టిన కొట్టం, మంచి నీడ." పాలసర్వ మూత తీసి తీగ చుట్టను బిడ్డ చేతుల వెట్టింది. "సెలవులు అయిపోంగనే కామారెడ్డి బస్సు నేనే ఎక్కిస్త. అంతకు ముందు ఆ వైండింగ్ అంటే ఏందో నాకు సక్కగ చెప్పు. పక్క సీటోళ్లకు చెప్పాలె గద."