వర్జ్యం వేళ విటమిన్ డి

“నకిలీ సరుకు వన్ టౌన్ గోడౌన్లో ఉంది. మన ఏజెంట్ స్టెల్లా కన్ఫర్మ్ చేసింది. వెళ్లి పట్టుకో,” అన్నాడు చీఫ్ ఫోన్లో.

మెడికల్ రెప్ వేషంలో ఉన్న ఏజెంట్ జయంత్ గోడౌన్ షట్టర్ ఎత్తాడు. అట్టపెట్టె చింపి, ఒక పొడి సాచెట్ తీసి స్కానర్ కింద పెట్టాడు. ఆకుపచ్చ లైటు. ఇంకోటి పెట్టాడు. మళ్లీ ఆకుపచ్చే.

“సార్, ఇది అసలు విటమిన్ డి! పామర్రు క్యాంపుకి వెళ్లాల్సిన సరుకు ఇక్కడుంది. నకిలీది అక్కడికి వెళ్లిపోయింది. స్టెల్లా మనల్ని అమ్మేసింది!”

విటమిన్ డి తక్కువున్నవాళ్లలో అల్జీమర్స్ ఎక్కువగా కనిపిస్తోందని కొన్ని పరిశోధనలు అంటున్నాయి. ఇస్తే మేలు జరుగుతుందా అన్నది తేలలేదు. తేల్చడానికే పామర్రులో ట్రయల్. అది పాడైతే తన ఖరీదైన బిళ్ల అమ్ముకోవాలని ఓ విదేశీ ముఠా కాచుక్కూర్చుంది. వాళ్ల పొడి తాగితే పేషెంట్లకు మిగిలిన కాస్త జ్ఞాపకమూ పోతుంది.

ఆ పేషెంట్లలో సంజీవరావు గారు ఒకరు. జయంత్‌కి ఈ గూఢచారి విద్య నేర్పిన గురువు.

“పోలీసులకి చెప్పండి సార్!”

“ఏమని చెప్పను? అధికారికంగా మనం లేం కదయ్యా!”

“క్యాంపుకి ఫోన్?”

“జామర్ పెట్టారు. మోగడం లేదు.”

జయంత్ కారు ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయింది. హారన్ నొక్కి నొక్కి వేలు నొప్పెట్టింది.

“ఎగిరిపోతావేంటి బాబూ?” అన్నాడు ముందున్న డ్రైవర్, తాపీగా.

పామర్రులో షామియానా కింద పెద్దవాళ్లంతా పొడి కలిపిన పాలగ్లాసులతో సిద్ధంగా ఉన్నారు. పట్టుచీరలో మెరిసిపోతూ స్టెల్లా మైకు పట్టుకుంది. “అందరూ ఒకేసారి తాగాలండీ!”

“తాగొద్దు! అది విషం!” అని అరిచాడు జయంత్.

“పోటీ కంపెనీ రెప్ అండీ, పట్టించుకోకండి,” అంది స్టెల్లా నవ్వుతూ.

అతని టై, బ్యాగు చూసి అందరూ ఆమె మాటే నమ్మారు.

“సార్, నేను జయంత్‌ని!”

“జయంత్ డ్యూటీలో ఉన్నాడు. మీరు అడ్డు లేవండి,” అన్నారు సంజీవరావు గారు, గ్లాసు ఎత్తుతూ.

జయంత్‌కి ఏడుపొక్కటే తక్కువ. గ్లాసు ఆయన పెదవులకు తగిలింది.

“ఆగండి! వర్జ్యం నడుస్తోంది! వర్జ్యంలో కొత్త మందు మొదలుపెడతారా ఎవరైనా?” అని కేకపెట్టాడు.

గ్లాసులన్నీ గాల్లో ఆగిపోయాయి.

“అయ్యో, ముందే చెప్పరేంటండీ!” అంటూ మాణిక్యం అనే ఆవిడ తన భర్త చేతిలో గ్లాసు లాక్కుంది.

“అవన్నీ మూఢనమ్మకాలు! తాగండి!” స్టెల్లా గొంతు పెంచింది.

“మంచీ చెడూ చూసుకోవద్దా అమ్మాయ్? నీకేంటంత తొందర?” అంది మాణిక్యం.

ఈలోగా జయంత్ ఒక గ్లాసులో స్కానర్ ముంచాడు. ఎర్ర లైటు. స్టెల్లా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. జయంత్ పెన్ను నొక్కాడు. మత్తు సూది తగిలి, ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది.

సంజీవరావు గారు గ్లాసు కింద పెట్టి, అతన్ని ఎగాదిగా చూశారు.

“ఇవాళ వర్జ్యం సాయంత్రానికి కదయ్యా. ఎవడైనా పంచాంగం తీస్తే దొరికిపోవూ?”

జయంత్ ఆయన ముందుకు వంగాడు. “సార్... గుర్తుపట్టారా?”

“లేదండీ. కానీ మా కుర్రాడు జయంత్ అయితే ఇంత తప్పు చెయ్యడు.”