జూరా ఎవరికీ చెప్పని మాట

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఊరి పెద్దలను వెంటబెట్టుకుని వస్తానని మరిది ఎర్మెక్ గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళాడు. అప్పటి నుంచి బురుల్‌కు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. నూనెలో వేయించే బోర్సోకుల కోసం కలిపిన పిండి తొట్టిలో అలాగే ఆరిపోతోంది... ఐదేళ్ళ ఆయ్‌పెరి అమ్మ గౌను అంచు వదలకుండా తిరుగుతోంది. ఎర్మెక్ అన్న మాటలే చెవుల్లో మోగుతున్నాయి.

"ఆ మతమన్నా వదులుకో, ఈ ఇల్లన్నా వదులుకో వదినా. పాప మాత్రం మా ఇంటి పిల్ల. ఇక్కడే ఉంటుంది."

మామగారు పోయి ఆ రోజుకు నలభై రోజులు, ఆయన పేరున పెద్దలకు భోజనం పెట్టే రోజు. నారిన్ పట్నంలో కుట్టుపనికి వెళ్ళిన రోజుల్లో బురుల్ యేసు ప్రభువును నమ్ముకుంది. నమ్ముకున్న నాటి నుంచి ఆమె నోరు ఊరుకోలేదు. పాలు పితుకుతూ, రొట్టెలు కాలుస్తూ, వినేవాళ్ళు విన్నా వినకపోయినా చెబుతూనే ఉండేది. అంతా ప్రేమతోనే అనుకుంది పిచ్చిది... మామగారి శవం ఇంకా ఇంట్లో ఉండగానే, గోడ వైపు తిరిగి గుండెలవిసేలా ఏడుస్తున్న అత్త జూరా చెవి దగ్గర చేరి, "నేను చెప్పినప్పుడే మామయ్య వినుంటే ఇవాళ ఎక్కడికి పోయాడోనన్న భయం మనకు ఉండేది కాదత్తయ్యా" అంది. జూరా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఆ తరవాత కోడలి ముఖం చూడలేదు, పలకరించలేదు.

పది రోజుల కిందట బురుల్ పట్నం వెళ్ళి, తనకు ప్రార్థన నేర్పిన ఉపెల్ అవ్వ దగ్గర కూర్చుని అంతా చెప్పుకుని ఏడ్చింది.

"ఇంట్లో శవం పెట్టుకుని ప్రసంగం చేశావా తల్లీ?" అంది అవ్వ. "ప్రభువు తరఫున మాట్లాడుతున్నాననుకున్నావు. ఆయనేం చెబుతున్నాడో వినడానికి ఎప్పుడన్నా నోరు మూసుకున్నావా? సిలువ శిక్ష వేసిన పిలాతు ముందు ఆయనెన్ని మాటలాడాడో ఓసారి లెక్కపెట్టు."

"వాళ్ళు ఆయన్నే కాదనమంటే అవ్వా?"

"కాదనకు. అడిగితే అవునను. దానికి ఇంకో ముక్క కలపకు."

పెద్దలు నలుగురు వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. బురుల్ భర్త మేదెర్ ఓ మూల తల వంచుకుని, టీ గిన్నెను అటూ ఇటూ తిప్పుతున్నాడు. అతనిది భయంతో వచ్చిన మౌనం. పెళ్ళాం వైపు కన్నెత్తి చూసే ధైర్యం కూడా లేదు.

ఎర్మెక్ మొదలుపెట్టాడు. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నామన్నాడు. రేపు ఈమె పోతే మన శ్మశానంలో చోటెవరిస్తారన్నాడు. మామగారి కోసం కోడలు పాడాల్సిన ఏడుపుపాట ఒక్కటీ నోరారా పాడలేదన్నాడు. ఆ చివరి మాట అబద్ధం... పశువుల పాకలో ఒంటరిగా ఎన్ని పాడుకుని ఏడ్చిందో బురుల్‌కే తెలుసు. జవాబు గొంతుదాకా వచ్చింది. గోళ్ళు అరచేతుల్లో దిగేలా పిడికిళ్ళు బిగించి మింగేసింది.

"మొన్నటిదాకా మైకు లేకుండానే ఊరంతా వినిపించేది మా వదిన. ఇవాళ బ్యాటరీ అయిపోయినట్టుంది" అన్నాడు ఎర్మెక్. ఎవరో నవ్వారు.

అందరిలోకీ పెద్దవాడు తోక్తోబాయ్ తాత చెయ్యెత్తి ఆపాడు. "అమ్మాయ్, ఒక్కటే అడుగుతాను. ఇంకా నువ్వు యేసునే నమ్ముతున్నావా?"

బురుల్ తల తిప్పి చూసింది. తలుపు పక్కన పాప బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. అవునంటే ఆ పిల్ల తనది కాకుండా పోతుందేమో... కాదంటే తాను ఎవరిది?

"అవును తాతా."

తాత జూరా వైపు తిరిగాడు. "శవం దగ్గర నీతో ఏదో అందట గదా. ఏమందో మా ముందు చెప్పు. దాన్ని బట్టే తేల్చుదాం."

జూరా కోడలి వైపు చూసింది. నలభై రోజుల తరవాత తొలిసారి. ఆ చూపు ముందు బురుల్, మంచికే అన్నానత్తయ్యా అనలేదు, చెప్పొద్దని బతిమాలలేదు. కళ్ళు దించుకుని, పడబోయే దెబ్బ కోసం కూర్చుంది. బుగ్గల మీదుగా నీళ్ళు కారిపోతున్నాయి.

జూరా తాత వైపు తిరిగింది. "అది నాకూ దానికీ మధ్య మాట. పెద్దలకు చెప్పేది కాదు."

"అమ్మా..." అన్నాడు ఎర్మెక్.

"ఈ ఇంట్లో ఎవరుండాలో నేనింకా బతికే ఉన్నాను చెప్పడానికి. పిల్ల దాని తల్లి దగ్గరే ఉంటుంది. మాంసం చల్లారుతోంది, మీ నాన్న పేరు చెప్పి నలుగురికీ వడ్డించు."

ఎర్మెక్ ముఖం మాడ్చుకునే వడ్డించాడు. ఈ సంగతి ఇంతటితో పోదని వెళ్ళేటప్పుడు అననే అన్నాడు.

అందరూ వెళ్ళాక, గిన్నెలు తీస్తున్న కోడలిని జూరా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆయనిప్పుడు ఎక్కడున్నాడో నీకు నిజంగా తెలిసే ఆ మాటన్నావా?"

"తెలీదత్తయ్యా. తెలిసినట్టు మాట్లాడాను. తప్పు నాది."

ఓదార్చే వాక్యాలు వరసగా నాలుక మీదికొస్తున్నాయి. ఒక్కటీ పైకి రానివ్వలేదు.

"ఆ పొద్దున నన్ను పిలిచాడే..." అంది జూరా. "కాసేపు దగ్గర కూర్చోమన్నాడు. నీకు పనీపాటా లేదు, నేను ఆవును పితకాలి అని కసిరి వెళ్ళిపోయాను. పాలతో వచ్చేసరికి చల్లబడిపోయాడు. నలభై రోజులుగా ఆ మాటే నన్ను తినేస్తోంది. చెబితే ఊరుకోమంటారు, దేవుడి రాత అంటారు... ఎవరికీ చెప్పలేదు."

బురుల్ ఆమె చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. జూరా తల కోడలి భుజం మీద వాలింది. చాలాసేపు అలా ఏడ్చి, ఆయన తనను మొదటిసారి గుర్రం మీద ఈ ఇంటికి తెచ్చిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది. బురుల్ వింటూ కూర్చుంది.